రోడ్డు బంద్ అని చెప్పిన మనిషి

మా ట్రక్కు క్యాంపు గేటు ముందు ఆగేసరికి మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. నవంబర్ రెండో వారం. కాశ్మీర్ లోయలో దక్షిణపు మూల. ఒకప్పుడు ఆపిల్ పండ్లు దాచిన గోదామే మా క్యాంపు. చుట్టూ ఇసుక బస్తాలు, మూడు వరుసల ముళ్ల కంచె. లోపల ముప్పై రెండు ఇనుప మంచాలు, రెండు బుఖారీ పొయ్యిలు. పండ్లు పోయి ఎన్నేళ్లయిందో గానీ వాసన పోలేదు. కిటికీ పక్క మంచం నాకిచ్చారు. ఇరవై రెండు కిలోల వీపు సంచి దాని మీద దించి కూర్చున్నాను.

అప్పటికి నాకు పెళ్లయి పదిహేడు రోజులు. మొగుడు నన్ను ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో చెప్పాడు. దాని మీద పోట్లాట తెగకముందే సెలవు అయిపోయింది.

మా కాలనీ ఆడవాళ్లు ఇప్పటికీ అడిగేది ఒక్కటే. "తుపాకీ పేల్చినవా అక్కా?" లేదు. ఒక్క గుండు పేల్చలేదు. ఏడు నెలలు రోడ్డు చూశాను. ఆ రోడ్డు నా కాపురాన్ని ఎలా నిలబెట్టిందో వాళ్లు అడగరు, నేనే చెప్తాను.

నాది బోధన్. పేరు గంగామణి. నిజామాబాద్‌లో డిగ్రీ చదివి కేంద్ర బలగంలో మహిళా కంపెనీలో చేరాను. పెళ్లి ముప్పై రెండేళ్లకు. మొగుడి పేరు లింబాద్రి, బోధన్‌లోనే మోటార్ వైండింగ్ షాపు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరుకు రైతులు, అది మూతపడ్డాక వరి రైతులు. బోరు మోటారు కాలిపోతే అందరూ అతని దగ్గరికే. షాపు పెట్టకముందు మూడేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు.

పెళ్లయిన మర్నాడు పగలు పదకొండింటికి, బంధువులంతా కింద కూర్చుని అన్నాలు తింటుంటే, నన్ను మిద్దె మీదికి పిలిచాడు.

"గంగా, నాకొక బీమారి ఉంది. హెర్పిస్ అంటరు. గల్ఫ్‌ల అంటుకుంది. కింద ఎప్పుడన్న పొక్కులొస్తయి, పోతయి. మొత్తానికైతే పోదట."

"ఎవలతోని?"

"ఒక్కసారే..."

"ఎన్నిసార్లని అడిగిన్నా? పెండ్లికి ముందు నోరు పడిపోయిందా?"

"ముందు చెప్తే నువ్వు ఒప్పుకోకపోదువు."

"గందుకే గదా ముందు చెప్పాలె!"

చదువుకున్న రోజుల్లో పుస్తకాల్లో వీటిని సుఖవ్యాధులు అని రాసేవారు. ఆ పేరు పెట్టినవాడు దొరికితే అడగాలి, ఇందులో ఏ మూల కనబడింది నాయనా నీకు సుఖం అని. తాళి కట్టేదాకా దాచాడు, అది మోసమే. ఇప్పుడైనా మోసమే అంటాను. కానీ ఒళ్లు తాకకముందు చెప్పాడు. ఆ రెండింటికీ తేడా ఎంతో తేల్చుకోలేకనే నేను రైలెక్కాను.

క్యాంపులో పని ఇది. నాలుగున్నరకు లేవడం. ఐదుంబావుకు వరుస. ఐదూ నలభైకి గేటు దాటడం. చెక్క వంతెన నుంచి ఇటుక బట్టీ మలుపు దాకా మా వంతు రోడ్డు నాలుగు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. మధ్యలో పదకొండు కల్వర్టులు. ముందు కుక్క, దాన్ని పట్టుకున్నవాడు, వెనక డిటెక్టర్ సిపాయి, ఇద్దరూ పక్క కంపెనీ మగవాళ్లు; రోడ్డుకు రెండు పక్కలా మేము. చీకట్లో ఎవరైనా మందుపాతర పెట్టిపోయారేమోనని ప్రతి కల్వర్టు కిందా వంగి చూడాలి. దీన్ని రోడ్ ఓపెనింగ్ అంటారు. నిన్న బాగున్న రోడ్డు ఈరోజు బాగుంటుందని లెక్క లేదు. ఈరోజు మళ్లీ చూడాల్సిందే.

చూశాక వైర్‌లెస్ సెట్‌లో రెండు మాటలు చెప్పాలి. సెట్ నా వీపు మీద ఉండేది, కాబట్టి చెప్పే నోరు నాది. "రోడ్ క్లియర్." అప్పుడు కాన్వాయ్ కదిలేది. ఆ బండ్లన్నీ పోయేదాకా, సాయంత్రం ఐదు వరకు, అక్కడే నిలబడాలి. ఒంటి మీద తొమ్మిది కిలోల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్. జనవరిలో పొద్దున మైనస్ ఏడు. సెట్ మీట నొక్కితే చేతి తొడుగు దానికి అతుక్కుపోయేది.

ప్రతి బుధవారం బెటాలియన్ డాక్టరమ్మ వచ్చేది. తమిళావిడ. మూడో బుధవారం నేను వెళ్లి కూర్చున్నాను.

"నా ఫ్రెండ్ ఒకామె ఉంది మేడం. ఆమె భర్తకు హెర్పిస్..."

ఆమె కాగితం మీంచి తల ఎత్తలేదు. "మీ ఫ్రెండ్‌కు చెప్పండి. ఆ వైరస్ నరాల మొదట్లో పడుకుని ఉంటుంది. అప్పుడప్పుడు లేస్తుంది. లేచే ముందు చురుకు, మంట. ఆ చురుకు మొదలైనప్పటి నుంచి పుండు పూర్తిగా మాని చర్మం మామూలయ్యేదాకా దగ్గర కాకూడదు. మిగతా రోజుల్లో కండోమ్. అతను డాక్టరును అడిగి రోజూ మాత్ర వేసుకుంటే ఇంకా మంచిది. కంచంతోనూ బకెట్‌తోనూ రాదు."

"ఇవన్నీ చేస్తే ఇక అంటదు కదా?"

"చాలా తగ్గుతుంది. పొక్కు కనబడని రోజున కూడా ఒక్కోసారి అంటవచ్చు. సున్నా అని నేను రాసివ్వను."

"సున్నా కానప్పుడు ఇంత చెప్పడం ఎందుకు మేడం?"

"సున్నానే కావాలంటే మీ ఫ్రెండ్‌ను సన్యాసం పుచ్చుకోమనండి." అప్పుడు తల ఎత్తి చూసింది. "మీ ఫ్రెండ్‌కు నోరు ఎక్కువే."

"అందరూ అదే అంటారు మేడం."

ఫోన్ సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గర మాత్రమే వచ్చేది. మా సెక్షన్ వంతు ఐదున్నర నుంచి ఆరు. ఆ సాయంత్రం లింబాద్రికి ఆర్డర్ ఇచ్చాను. రోజూ రిపోర్టు కావాలి. ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఏడు నెలల్లో అది ఎన్నిసార్లు లేస్తుందో నాకు తెలియాలి. తెలిశాక ఉంటానో పోతానో చెప్తాను.

"షాపుల పదిమంది ఉంటరు గంగా, గిరాకీ టైము. ఎట్ల చెప్పాలె?"

"రోడ్డు ఖుల్లా అను. లేకుంటే రోడ్డు బంద్ అను."

"గంతేనా?"

"గంతే. కతలు పడకు."

రోజూ ఖుల్లా. డిసెంబర్ చివర్లో ఒక సాయంత్రం "రోడ్డు బంద్" అన్నాడు. నేను సరే అని పెట్టేశాను. కానీ అప్పుడు షాపులో మోటారు కోసం వచ్చి కూర్చున్న షేర్ ఆటో డ్రైవర్ విన్నాడట. ఏ రోడ్డు భాయ్ అని అడిగాడట. ఇతనికి ఏం చెప్పాలో తోచక "ఎడపల్లి కాడ" అన్నాడు. మర్నాడు పొద్దున రెండు ఆటోల జనం నిజామాబాద్ పోవడానికి పొలాల దారి పట్టి, గుంతల్లో పడుతూ లేస్తూ గంటన్నర ఆలస్యంగా చేరారు. డ్రైవర్ నేరుగా షాపుకొచ్చాడు.

"ఎడపల్లి కాడ దోమ గూడ అడ్డం లేదు మియా! ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మా ఇంటామె. మిలట్రీల ఉంటది."

"కాశ్మీర్‌ల కూసోని ఎడపల్లి రోడ్డు బంద్ చేసిందా? గింత పవరా మీ ఆమెకు?"

లింబాద్రి ఇది చెప్తుంటే ట్యాంకుకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాను. పెళ్లయ్యాక అతని మాటకు నవ్వడం అదే మొదలు.

మా సెక్షన్ కమాండర్‌ది నాందేడ్ వైపు. బోధన్ బజారుకు వచ్చిపోతూ పెరిగిన మనిషి, మరాఠీ యాసతో తెలుగు బాగా మాట్లాడేది. ఆ నవ్వుకు దగ్గరికొచ్చింది.

"గంగాబాయీ, పొద్దున నువ్వే సెట్ల క్లియర్ చెప్తవు. సాయంత్రం నీ మొగుడు ఫోన్ల బంద్ అంటడు. ఏ రోడ్డే అది?"

చెప్పాను. ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. ఆమె బూట్లకంటిన మంచు ట్యాంకు గోడకు కొట్టి దులిపింది.

"నా మొగుడు పదేండ్ల సంది ఖుల్లా అనే చెప్తుండు," అంది. "ఏమున్నదో, ఏం లేదో. నేనెప్పుడు అడగలే, ఆయనెప్పుడు చెప్పలే."

మే నెల. కొండల మీది మంచు కరిగి రోడ్డు పక్కన నీళ్లు పారుతున్నాయి. ఉదయం ఆరూ యాభైకి ఏడో కల్వర్టు దగ్గర డిటెక్టర్ కూసింది. కుక్క మాత్రం పట్టించుకోకుండా ముందుకు పోయింది.

"నా కుక్క లేదంటోంది," అన్నాడు కుక్కను పట్టుకున్నవాడు.

"నా మిషన్ ఉందంటోంది," అన్నాడు డిటెక్టర్ సిపాయి.

సెట్‌లో మా సెక్షన్ పేరు బ్రావో త్రీ, అవతల వినేది కంట్రోల్ రూమ్. సెక్షన్ కమాండర్ నా వైపు చూసింది. "చెప్పు."

"బ్రావో త్రీ. రోడ్ నాట్ క్లియర్. ఓవర్."

"బ్రావో త్రీ, మళ్లీ ఒకసారి చూడు. పెద్ద సాబ్ బండిలో కూర్చుని ఉన్నారు. ఓవర్."

"నాట్ క్లియర్. ఓవర్."

నాలుగోసారికి కంట్రోల్‌లో గొంతు మారింది. "ఎవరా అమ్మాయి సెట్‌లో? క్లియర్ అంటే నోరు అరిగిపోతుందా?"

నోరుగలదాన్నని పేరున్న నాకు ఆ పూట ఆ మాట అనేద్దామనిపించింది. క్లియర్ అంటే అందరికీ సంతోషం. ఎనభై బండ్లు కదులుతాయి. నన్ను తిట్టేవాళ్లుండరు. అయినా నాట్ క్లియర్ అనే చెప్పాను. బాంబులు తీసేవాళ్లు వచ్చి, తవ్వి, చూసేసరికి రెండు గంటల నలభై నిమిషాలు. దొరికింది పాత కుక్కర్ మూత. వట్టి మూత. వారం రోజులు క్యాంపంతా మమ్మల్ని కుక్కర్ పార్టీ అని పిలిచింది. ఆ మాటలకు డిటెక్టర్ సిపాయి రొట్టె నములుతూ ఒక్కటే జవాబు చెప్పాడు. "అది కూసింది, నేను చెప్పాను. రేపు కూస్తే రేపూ చెప్తాను."

జూన్ మొదటి వారంతో డ్యూటీ అయిపోయింది. నెల రోజుల సెలవు, ఎల్లుండి ప్రయాణం. ఏడు నెలల్లో బంద్ మూడుసార్లు, ఎక్కువలో ఎక్కువ ఎనిమిది రోజులు. నేను మనసులో ఒక మాటకొచ్చేశాను. డిస్పెన్సరీకి పోయి కండోమ్ పెట్టె అడిగి తీసుకున్నాను. ఇచ్చిన నర్సింగ్ సిపాయి చెవులు ఎర్రబడ్డాయి, నావి కాదు.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను.

"రోడ్డు బంద్, గంగా."

"ఇప్పుడా? ఎల్లుండి నేను బండెక్కుతున్న. సరిగ్గ సూసుకున్నవా? మళ్లొకసారి సూస్కో!"

అవతల మోటారు తిరుగుతున్న చప్పుడు. అది ఆగింది.

"సూసుకున్న. బందే. పొద్దుగాల నుంచి చురుక్కుమంటుంది. నువ్వొచ్చేటాళ్లకు తగ్గుతదో తగ్గదో. ఖుల్లా అని చెప్తే నీకు తెల్వకపోవు. నాకూ గట్లనే అనాలనిపించింది. గని బందే."

మళ్లొకసారి చూడు. నా నోట్లోంచి వచ్చింది కంట్రోల్ మాట. ఈసారి బండిలో కూర్చున్న పెద్ద సాబ్‌ను నేనే. అవతల సెట్ పట్టుకున్నది లింబాద్రి. పెళ్లికి ముందు ఈ మనిషికే భయం వేసి నోరు మూసుకున్నాడు. ఇప్పుడూ భయమే వేసింది, గొంతులో తెలుస్తోంది. అయినా చెప్పాడు.

"రోజర్," అన్నాను.

"అంటే?"

"విన్న అని."

మళ్లీ అతనే అడిగాడు. "ఉంటవా మరి?"

"రోడ్డు బందైతే ఎవలన్న క్యాంపు ఎత్తేస్తరా?"

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, అడక్క మానరు కాబట్టి. ఆ సెలవులో పదో రోజున రోడ్డు ఖుల్లా అయింది. ఇది జరిగి పద్నాలుగేళ్లు. కూతురు కడుపులో పడ్డప్పుడు కాన్పు డాక్టరుకు నేను మొదట చెప్పింది అతని బీమారి సంగతే, నా పేరు కంటే ముందు. నాకు అంటుకుందా? ఇప్పటిదాకా లేదు. రేపు అంటుకుంటే మందుంది, మొగుడున్నాడు, నోరుంది. పోట్లాటలా, వారానికి రెండు, అన్నీ వేరే వాటి మీదే. బంద్ రోజుల్లో పక్కపక్కన కూర్చుని ఎన్ని మాటలు మాట్లాడుకున్నామో, ఏ రోగమూ లేని మొగుడూపెళ్లాలు అన్ని మాట్లాడుకుని ఉండరు. మా వీధిలో ఎంతమంది ఆడవాళ్లు రోడ్డు సంగతి చెప్పేవాడు లేకుండా కళ్లు మూసుకుని నడుస్తున్నారో నాకు తెలుసు. నాకు చెప్పేవాడు దొరికాడు. దానికి రుణపడి ఉన్నాను. అతని ముందు అననులెండి, నెత్తికెక్కుతాడు.

ఇక ఆ జూన్‌లో నేను తిరిగొచ్చిన రోజు. నిజామాబాద్ స్టేషన్‌లో దిగేసరికి పదకొండూ నలభై. ఎండ మండిపోతోంది. దిగినవాళ్లను ఇంటివాళ్లు చుట్టుకుంటున్నారు. లింబాద్రి మంచినీళ్ల నల్లా పక్కన నిలబడి ఉన్నాడు, నాకు నాలుగడుగుల దూరంలో. ఇస్త్రీ చొక్కా. రెండు చేతులూ వీపు వెనక. దగ్గరికి రాలేదు.

"చేతులకేమైంది?"

"ఏం కాలే."

"మరెందుకు దాస్తున్నవ్?"

"దాసుడు కాదు. నువ్వు సరే అనేదాక ఆగుదామని."

"తియ్ ముందుకు."

మెల్లగా తీశాడు. వైండింగ్ వార్నిష్ మరకలు పోవాలని పొద్దుటి నుంచి కిరసనాయిలుతో రుద్దినట్టున్నాడు. చర్మం ఎర్రగా కమిలిపోయింది. గోళ్ల సందుల్లో గోధుమరంగు అలాగే ఉంది. తప్పు చేసినవాడిలా కాదు, పరీక్ష రాసి కాగితం ఇచ్చేవాడిలా, వేళ్లు పూర్తిగా విప్పి, అరచేతులు రెండూ పైకి పెట్టి నిలబడ్డాడు. కిరసనాయిల్ వాసన. నేను వీపు సంచి దించాను.

లోయలో చూసిన కొండలు మరిచిపోయాను. మంచు ఎలా ఉండేదో అడిగితే తడుముకుంటాను. ఆ ఎర్రటి అరచేతులు మాత్రం, నేను పట్టుకోబోయే ముందు ఎండలో అలా తెరిచి ఉన్నవి, ఏ పూటా కళ్ల ముందు నుంచి పోవు.