‘తగు నిర్ణయము తీసుకొనవలెను’

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఖరీఫ్ మొదలయ్యే జూన్‌లో, విజయవాడలోని ఒక కాలువల కార్యాలయంలో నన్ను కంప్యూటర్ విభాగానికి సిస్టమ్స్ మేనేజర్‌గా వేశారు. డెల్టాలోని మా సెక్షన్ ఆఫీసులన్నిటా లైనక్స్ నడిచేది. ఎవరైనా ఉచితంగా వాడుకుని, తమకు కావలసినట్టు మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ అది. రోజూ ఉదయం ప్రతి సెక్షన్ తన కాలువలో నీటిమట్టాన్ని అందులో ఎక్కించాలి. దాన్నిబట్టే ఎవరికెంత నీరు వదలాలో పైన తేలుస్తారు.

ఆ నెల లైనక్స్ కొత్త వెర్షన్ పెట్టించాం. అది మధ్యలో ఆగి ఒక ప్రశ్న అడుగుతుంది: సెట్టింగుల ఫైలు పాతదే ఉంచాలా, నాతో వచ్చిన కొత్తది వేయాలా? వై కొడితే కొత్తది, ఎన్ కొడితే పాతది. మా సర్వర్ చిరునామా ఉన్నది పాతదాంట్లోనే. వై కొడితే రీడింగు గాలికి పోతుంది. కొత్త మిషన్లున్న రెండు ఆఫీసులు మాత్రం వై కొట్టాలి. ఇదంతా వివరిస్తూ బొమ్మలతో సహా నాలుగు పేజీల సర్క్యులర్ రాశాను. అబ్బో, చూసుకుని మురిసిపోయాను కూడా. గంభీరంగా ఉంటుందని చివర ‘సందర్భానుసారముగా తగు నిర్ణయము తీసుకొనవలెను’ అని తగిలించాను. నా కొంప ముంచింది ఆ వాక్యమే.

నాలుగో రోజు దివిసీమలో కాలువ చివరి సెక్షన్ నుంచి వర్క్ ఇన్‌స్పెక్టర్ నాగమణి గారు ఫోన్ చేశారు.

“సార్, మూడు రోజుల్నించీ మిషను వై ఆ, ఎన్ ఆ అని అడుగుతానే ఉందండీ.”

ఏదో ఒకటి కొట్టలేకపోయారా అని విసుక్కున్నాను.

“తగు నిర్ణయం అన్నారు గదండీ. నిర్ణయం తీసుకోటానికి నేనెవర్నండీ? ఏఈ గారికి ఫైలు పెట్టాను.”

ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజినీరు. ఆయన ‘తగు ఉత్తర్వుల నిమిత్తం’ అని తన పైనున్న డీఈకి, డీఈ ఆ పైనున్న ఈఈకి పంపారు. ఈఈ గారు సాంకేతిక అభిప్రాయం కోరుతూ ఎవరికి పంపారయ్యా అంటే, నాకే. టేబుల్ మీద వెతికితే ఉంది, పచ్చ సిరా సంతకాలతో. మా ఆఫీసులో మూడు రోజుల్లో అన్ని మెట్లెక్కిన ఫైలు నేనెరిగి అదొక్కటే.

ఈలోగా కొత్త రీడింగు రాక, పైవాళ్లు పాతదే చూసి, నీరు నిండుగా ఉందనుకుని ఆ కాలువకు నీరొదిలే గేటు దించేశారు.

“నారుమళ్లు నెర్రెలిస్తున్నయ్యండీ. రైతులొచ్చి ఆఫీసు ముందే కూర్చున్నారు. ఇయ్యాళ తడి అందకపోతే నారు చచ్చిపోద్దండీ.”

మట్టం ఫోన్లో చెప్పించుకుందామంటే, ఫోన్ రీడింగులు చెల్లవని అంతకు ముందు వారమే ఇంకో సర్క్యులర్ వెళ్లింది. అదీ నా రాతే. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఎన్ కొట్టండమ్మా.”

“మీరు చెప్పారని రిజిస్టర్లో రాసుకోనాండీ?”

“రాసుకోండి, తల్లీ.”

ఫోన్ పెట్టకుండానే నా పేరు, హోదా, టైము రాసుకున్నారు. ఇంటిపేరు రెండుసార్లు అడిగారు. అప్పుడు కొట్టారు. పది నిమిషాల్లో రీడింగు వచ్చింది. మధ్యాహ్నానికి గేటు లేచింది. గట్టువార రెండు మళ్లు తప్ప నారంతా బతికింది.

ఏది కొట్టాలో ఆవిడకు మొదటి రోజే తెలుసట. “మూడో పేజీలో రాశారు గదండీ” అన్నారు తర్వాత. తెలిసి కొట్టాక తప్పయితే అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో, అదొక్కటే నా నాలుగు పేజీల్లో లేదు. మార్పును వివరించడం సగం పనేనని, దానికి పూచీ పడటం మిగతా సగమని ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత నాకు తెలిసివచ్చింది.

మరుసటి మార్పుకు సర్క్యులర్ రెండే ముక్కలు రాశాను: ‘ఎన్ కొట్టండి. తప్పయితే బాధ్యత నాది.’ కింద నా సంతకం. ఆసారి ఒక్క ఫైలూ రాలేదు.