నా చేతి మీద రాసి చూసిన ఫేస్‌వాష్

మా చెల్లి ముఖానికి ఏది కొన్నా ముందు నా చేతిలో పెట్టేది. నేను పదో తరగతితో చదువు ఆపి, కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులు అద్దే పనిలో చేరినదాన్ని. అయినా పని లేని పూటల్లా గ్రంథాలయంలోనే ఉండేదాన్ని. చర్మం గురించిన ఒక పుస్తకాన్ని రెండుసార్లు చదివి, అందులోని రసాయనాల పేర్లన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ఏముందో మా వాడలో చెప్పగలిగేది నేనొక్కదాన్నేనని లోలోపల గర్వం.

చెల్లికి చీరల దుకాణంలో కౌంటరు మీద పని దొరికింది. చేరడానికి పది రోజుల ముందు ఒక ఫేస్‌వాష్ తెచ్చింది.

“డాక్టరమ్మా, జర చదివి చెప్పు. నా మొకానికి పడ్తదా?”

“డాక్టరమ్మ అన్నవ్ కదా, ఫీజు తియ్.”

“చాయ పోస్త తీ!”

ఒక్కో పేరునూ నోటుబుక్కుతో పోల్చి చూశాను. మొదట నీళ్లు. తరువాత నురుగు తెప్పించే రసాయనం, అదీ మెత్తని రకమే. గ్లిసరిన్ మంచిదే. చిట్టచివర పర్ఫ్యూమ్. ఎక్కువ కలిపింది ముందు, తక్కువ కలిపింది వెనక రాస్తారని చదివాను కాబట్టి, చివరన ఉన్నదానితో ఏమవుతుందిలే అనుకున్నాను.

కొత్తది ఏదైనా, వాడబోయే మనిషి మోచేతి లోపలివైపు రాసి కొన్ని రోజులు చూడాలని కూడా అదే పుస్తకంలో ఉంది. నాకు గుర్తుంది. గుర్తుండీ నా చేతి మీద రాసుకున్నాను. అద్దిన రంగు పోతుందో లేదో చూడటానికి తడి నూలును మా ముంజేతి మీద రుద్ది చూస్తాం. ఆ అలవాటే. మూడు రోజులైనా దురద లేదు, ఎరుపు లేదు.

“ఏం కాలే. మంచిగ వాడుకో,” అన్నాను.

“నువ్వు చెప్పినంక ఇగ ఫికరేందక్కా!”

ఏళ్ల తరబడి వేడి రంగునీళ్లలో, సోడాలో నాని మొద్దుబారిన చెయ్యి అది. దానికేం తెలుస్తుంది?

దుకాణంలో చేరిన మూడో రోజుకు చెల్లి చెంపలు ఎర్రగా ఉబ్బి నీరు కారాయి. దవాఖానలో డాక్టరు డబ్బా తిప్పి, చివరి పేరు మీద వేలు పెట్టింది.

“ఈ ఒక్క మాట కింద ఎన్నో వాసనలు కలుపుతరమ్మా. అండ్ల ఏదో నీకు పడలే. ఎవరన్న వాడుమని చెప్పిన్రా?”

నేను నోరు తెరిచేలోపే చెల్లి, “లేదు మేడం, నేనే కొనుక్కున్న,” అన్నది.

వాపు తగ్గింది. నల్లమచ్చలు మిగిలాయి. దుకాణం వాళ్లు ఆమెను కౌంటరు నుంచి తీసి, చీరలు మడతపెట్టే లోపలి గదికి మార్చారు. చెల్లి నన్ను మాత్రం ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మొన్న పొద్దున కిటికీ వెలుగులో నిలబడి ఏదో కొత్త ట్యూబు వెనక చదువుతోంది. ఇంగ్లీషు ఆమెకు సరిగా రాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. నేనైతే నిమిషంలో చెప్పేదాన్ని. నా అడుగుల చప్పుడు విని ట్యూబును చున్నీ చాటుకు తీసుకుంది.

“ఏందే అది?”

“ఏం లేదక్కా. కూసో, చాయ పోస్త.”

నా చేత ఏమీ చదివించుకోకుండానే, చాయ తెచ్చి నా ముందు పెట్టింది.