మా బావ పసుపు గోళీలు

బావ పోయాడని అక్క ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. అంతకు కొన్ని వారాల ముందు నేనాయన్ని ఆటపట్టించాను. దానికి బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. "ఫోన్ ఆయనకియ్యి అక్కా, నవ్వు ఆపుకోలేక సస్తుండొచ్చు" అన్నాను. అవతల అక్క ఇంకా గట్టిగా ఏడ్చింది. అప్పుడు గాని నిజమని తెలియలేదు.

మా బావ కోరుట్ల దిక్కు పసుపు రైతు. ఆరబోసిన కొమ్మును విరిచి, ఆ చప్పుడు విని పంట ఎండిందో లేదో చెప్పేవాడు. నేను ఎనిమిదో తరగతి తప్పి ఇంట్లో తిట్లు తింటున్నప్పుడు, పొలానికి తీసుకుపోయి పని నేర్పింది ఆయనే. "సదువు రాకుంటే ఏమాయె, నీకు మనుషుల్ని నవ్విచ్చుడు వస్తది" అన్నాడు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లూ అందరికంటే ఎక్కువగా ఆయన్నే ఏడిపించాను.

అలాంటి మనిషి ఇంటి పసుపంతా మార్కెట్లో అమ్మేసి, ఫోన్లో ఎవరో చెప్పింది విని, సీసాడు పసుపు క్యాప్సూళ్లు తెప్పించుకున్నాడు. ఆయన వాటిని గోళీలనేవాడు. సీసా చూసిన రోజే నాకు అనుమానం మొదలైంది. నేను పాల ప్యాకెట్‌ను కూడా వెలుతురుకు పట్టి చూసే రకం.

షుగర్ పెరిగిందనీ, కాలేయానికి కొవ్వు పట్టిందనీ, నూనె, తీపి తగ్గించి నడవమనీ కరీంనగర్ డాక్టరు అప్పటికే చెప్పాడు. బావ ఇల్లు చేరేలోపు జబ్బుల పేర్లే గుర్తున్నాయి, మిగతాదంతా దారిలో పడిపోయింది. పొద్దున ఒక గోళీ, సాయంత్రం ఒక గోళీ. మధ్యలో మిర్చి బజ్జీలు, మటన్‌లో కొవ్వు ముక్కలు, ఆదివారం జిలేబీలు. అక్క కళ్లెర్రజేస్తే, "గోళీ ఏస్కున్న గదనే, లోపట అదే సూస్కుంటది" అనేవాడు.

ఒకరోజు ఆయన పొలానికి పోయినప్పుడు ఆ క్యాప్సూళ్లన్నీ విప్పి, పసుపు దులిపేసి, జొన్నపిండి నింపాను. డాక్టరు రాసిచ్చిన మందుల జోలికి మాత్రం పోలేదు. అంత పాపిష్టివాణ్ని కాను.

నెల గడిచింది. ఒళ్లు తేలికైందన్నాడు, మోకాళ్ల నొప్పి తగ్గిందన్నాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, అక్క ముందరే బయటపెట్టాను.

"బావా, గా గోళీలల్ల ఏమున్నదో ఎరుకేనా?"

"పసుపు. ఇంకేముంటది?"

"జొన్నపిండి. నేనే నింపిన. నెల రోజుల సంది రొట్టెనే మింగుతున్నవ్."

అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బావ చెంబు విసురుతాడేమోనని నేను ఒక కన్ను తలుపు మీదే ఉంచాను. ఆయన తినడం ఆపి నా వైపు చూశాడు.

"బామ్మర్దీ, గోళీ అయితే మార్చినవ్. నా పళ్లెం ఎందుకు మార్చలే? నెల రోజులు నా పక్కపొంటి కూసోని నువ్వు గూడ తింటివి గదా."

"నేను జెప్తె ఇంటవా?"

"జెప్పి సూసినవా?"

ఆ పూట బజ్జీల పొట్లం తెచ్చింది నేనే.

మర్నాటి నుంచి బావ గోళీలు మానేశాడు. తిండి సంగతి మాత్రం "పండుగ ఎల్లనీ" అన్నాడు. పండుగ వెళ్లకముందే గుండె ఆగింది.

గోళీ ఆయన్ని చంపిందని నేననను. కాపాడేదని ఎవరన్నా అంటే వాళ్ల సీసా కూడా విప్పి చూస్తాను. కానీ ఇప్పుడు నా అనుమానమంతా నా మీదే. ఎగతాళి కోసం నెల రోజులు ఓపిక పట్టినవాణ్ని, ఒక్క పూట ఆయన చెయ్యి పట్టుకుని ఆపలేకపోయానా? ఆపితే ఆయన తిడతాడని భయమా, నాకూ బజ్జీలు దొరకవనా?

మూడో రోజు ఆయన పేరున పిట్టకు, అంటే కాకికి, కూడు పెట్టాం. అక్క విస్తరిలో ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించింది. ఎండలో నూనె మెరుస్తోంది, జిలేబీల పాకం ఆకు అంచు దాకా పారుతోంది. కాకి దిగగానే నా చెయ్యి దానంతటదే లేచింది.

"ఏందిరా తమ్మీ, పిట్టను ఎల్లగొడ్తున్నవ్?" అంటూ అక్క నా మణికట్టు పట్టుకుంది.

చెయ్యి దించాను. కాకి ఒక్కో ముక్కా ఏరుకుని నింపాదిగా తింది. ముక్కును గోడకు రాసుకుని, మళ్లీ విస్తరి మీదికి దిగింది.