రిలీవర్ రాలేదు

ఒక చిన్న మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. రెండే పదాలు. అందులో బరువేముంటుంది అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. మొదట్లో ఆ మాటే నన్ను మోసింది, ఎక్కడ ఇరుక్కున్నా బయటపడేసింది. ఇప్పుడు ఉద్యోగం లేదు, మా ఆవిడ లేదు, ఆ మాటతో పనీ లేదు. అయినా అది నన్ను వదల్లేదు.

నా పేరు చెప్పను. అంత ధైర్యం ఉంటే ఇది మీకు కాదు, చెప్పాల్సిన వాళ్ళకే చెప్పి ఉండేవాణ్ణి. కానీ అతని పేరు చెబుతాను. అప్పలనాయుడు. నేను చెడగొట్టింది అతని పేరునే కాబట్టి, కనీసం దాన్నయినా దాచకూడదు.

ఇవాళ సంవత్సరంలో ఆఖరి రోజు. గాజువాకలో నేను అద్దెకున్న ఇంటి కింద బేకరీ వాళ్ళు రోడ్డు మీదకి షామియానా వేసి, బల్లల నిండా కేకులు పేర్చారు. డాబా మీద నుంచి చూస్తే తలలూ, అట్టపెట్టెలూ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. పొద్దున టీవీలో ఒకాయన, ఏడాది చివర అందరూ కాసేపు కూర్చుని జీవితంలో దేన్ని ముందు పెట్టామో, దేన్ని వెనక పెట్టామో చూసుకోవాలన్నాడు. నాకు చూసుకోవడానికేముంది? దేన్ని వెనక పెట్టానో బాగా తెలుసు. అది ఎవరికీ తెలియకుండా చూసుకోవడంలోనే సగం జీవితం అయిపోయింది.

నేను ఉక్కు ప్లాంటులో పంప్‌హౌస్ ఆపరేటర్‌గా చేశాను. మూడు షిఫ్టులు. అక్కడ పంపులు ఆగకూడదు, మనిషి సీటు వదలకూడదు. మన తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి చార్జి తీసుకున్నాకే మనం కదలాలి. ఆ వచ్చే మనిషే రిలీవర్. అతను రాకపోతే అతని షిఫ్టు కూడా మనమే లాగాలి. ఈ సంగతి మా కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే, భర్త ఇంటికి ఆలస్యంగా వచ్చి "రిలీవర్ రాలేదు" అంటే ఏ భార్యా రెండో ప్రశ్న అడగదు.

నా రిలీవర్ అప్పలనాయుడు. పద్మనాభం దగ్గర పల్లెటూరు అతనిది. తెల్లారకముందే పొలంలో ఓ చేయి వేసి, రెండు బస్సులు మారి వచ్చేవాడు. అయినా షిఫ్టు మారే సైరన్‌కి ముందే గుమ్మంలో ఉండేవాడు. "లెగు బావ, ఇంటికెల్లు" అనేవాడు నవ్వుతూ. నేను గోదావరి వైపు వాణ్ణి. నాకు ఇక్కడ బావలెవరూ లేరు. బావా అని నోరారా పిలిచింది అతనొక్కడే.

ఆ మాట మొదటిసారి అన్నది మా అమ్మాయి స్కూలు వార్షికోత్సవం రోజు. సాయంత్రం పిల్ల డాన్సు. మధ్యాహ్నమే షిఫ్టు దిగాను. అప్పలనాయుడు మామూలుగానే ముందే వచ్చాడు. నేరుగా ఇంటికి వెళ్ళాల్సినవాణ్ణి, స్కూటర్ అప్పికొండ సముద్రం వైపు తిప్పాను. ఎందుకు తిప్పానో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాను. హార్బరులో చోటు దొరక్క దూరంగా ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి. వాటిని చూస్తూ ఉండిపోయాను. ఇల్లు చేరేసరికి డాన్సు అయిపోయింది, పిల్ల మొహానికి రంగుతోనే నిద్రపోయింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మొహం చూసి నా నోట్లోంచి వచ్చిన మాట అది. రిలీవర్ రాలేదు.

ఆమె కోపమంతా క్షణంలో నా మీద నుంచి ఎగిరిపోయి అప్పలనాయుడి మీద వాలింది. "ఆ మనిషికి పెళ్ళాం పిల్లలు లేరా అండీ?" అంటూనే నీళ్ళు కాచింది. అన్నం వేడి చేసింది. పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. పెళ్ళయిన కొత్తలో తప్ప అంత ముద్దుగా చూసుకోలేదు నన్ను. ఆ అన్నం ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ చెప్పగలను. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

అలా అలవాటైంది. వారానికోసారి. తర్వాత రెండు. ఆ అదనపు డ్యూటీకి బదులు ఎప్పుడో సెలవిస్తారని కూడా చెప్పేవాణ్ణి. ఆ సెలవు ఎన్నడూ రాలేదు, ఆమె ఎన్నడూ అడగలేదు.

ఏం చేసేవాడివి అక్కడ అని మీరు అడుగుతారు. ఏమీ లేదు. తాగుడు లేదు, పేకాట లేదు, ఇంకో ఆడమనిషి లేదు. అవి ఉండి ఉంటే ఒప్పుకోవడం తేలికయ్యేదేమో, ఒక పేరున్న తప్పయ్యేది. ఉత్తినే కూర్చునేవాణ్ణి. షిఫ్టంతా పంపుల హోరు విని వచ్చాక, ఇంట్లో ఒక మనిషి మాట కోసం ఎదురు చూస్తూ ఉంటుందని తెలిసే వెళ్ళేవాణ్ణి కాదు. ఆమెకి ఇక్కడ అక్కచెల్లెళ్ళు లేరు, ఊరు కొత్త, యాస కొత్త. పొద్దుటి నుంచి పోగుచేసుకున్న కబుర్లన్నీ చెప్పుకోవడానికి నేనొక్కణ్ణే. అది తెలుసు నాకు. తెలిసి, ఎవరికీ నేను అక్కర్లేని చోట కూర్చోవడం హాయిగా ఉందని కూర్చున్నాను. అలిసిపోయానా? పిరికివాణ్ణా? ఆమె అంటే ఇష్టం లేదా? ఇష్టమే. ఇదే నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. ఇష్టమైన మనిషి నాకోసం ఎదురు చూస్తోందని తెలిస్తే చాలు, నాకు వెళ్ళాలనిపించేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. మమ్మల్నిద్దరినీ దగ్గరగా ఉంచింది అప్పలనాయుడే. అంటే, అతని మీద కోపం. అతన్ని ఆమె 'లేటు మారాజు' అనేది. ఇవాళ మారాజుగారు కోడి ఇంకా కూయలేదనుకుని మళ్ళీ పడుకున్నాడా అనేది. నేను నవ్వేవాణ్ణి, ఇంకో రెండు కల్పించి చెప్పేవాణ్ణి. అమ్మాయి కూడా కలిసేది. ముగ్గురం భోజనాల దగ్గర అతన్ని తిట్టుకుంటూ ఎంత సంతోషంగా ఉండేవాళ్ళమో. మర్నాడు అతను వచ్చి, ఇంటి నుంచి తెచ్చిన జీడిమామిడి పళ్ళు నా చేతిలో పెట్టేవాడు.

ఒక ఏడాది ఇదే రోజు. డిసెంబరు ఆఖరు. మా ఆవిడకి కొన్నాళ్ళుగా ఒంట్లో బాగుండటం లేదు, పరీక్షలు చేయించాం. సీతమ్మధారలో ఒక డాక్టరు దగ్గరికి రిపోర్టులకి వెళ్ళాలి. షిఫ్టు దిగి వస్తాను, కలిసి వెళ్దాం అన్నాను. భయంగా ఉంది అందామె. ఆ భయాన్ని పక్కన కూర్చుని చూడాల్సి వస్తుందని నాకు ఇంకా భయం వేసింది. ఫోను కట్టేసి రాళ్ళ మీదకి పోయాను. ఆమె చాలాసేపు చూసి, ఒక్కత్తే బస్సెక్కి వెళ్ళింది. నయం కాని జబ్బన్న మాట డాక్టరు నోటి నుంచి ఒక్కత్తే విన్నది. ఒక్కత్తే తిరిగి వచ్చింది.

నేను ఇంటికి వెళ్ళేసరికి బల్ల మీద కేకు పెట్టె ఉంది. దారిలో అందరూ కొంటున్నారని కొన్నదట. పక్కన రిపోర్టు కవరు. కేకు ముందు చూశాను, హమ్మయ్య, అంతా బాగానే ఉంది అనుకున్నాను. "రాలేదా ఇవాళ కూడా?" అని మాత్రం అడిగింది. రాలేదన్నాను.

ఆ తర్వాత ఒక్క రోజూ ఆలస్యం చేయలేదు నేను. సైరన్ మోగిన అరగంటకల్లా ఇంట్లో ఉండేవాణ్ణి. కొన్ని నెలలే మిగిలాయి. అందుకు ఆమె ఎవరిని మెచ్చుకుందో తెలుసా? అప్పలనాయుణ్ణి. నా పరిస్థితి తెలిసి మనిషి మారాడనుకుంది. "పాపం, మంచివాడేనండీ. ఒకసారి భోజనానికి పిలవండి" అంది. చేయని తప్పుకి అతన్ని క్షమించి వెళ్ళిపోయింది. భోజనానికి నేను పిలవలేదు. ఎలా పిలుస్తాను?

అతను మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఆమె పోయిన మూడో రోజు, పరామర్శకి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి పేరు చెప్పుకున్నాడు. ఆ పేరు వినగానే మా అమ్మాయి లేచింది. అప్పటికి కాలేజీలో చదువుతోంది.

"మీరేనా అండీ అప్పలనాయుడు గారు? మీరు ఆ రోజు టైముకి వచ్చుంటే మా అమ్మ ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళేది కాదు. నా చిన్నతనమంతా మీకోసం ఎదురు చూడటంతోనే పోయిందండీ."

చుట్టూ జనం. అతను పిల్ల మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను.

"తప్పయిపోనాది తల్లీ" అన్నాడు అతను.

నేను అతని వెనకే గేటు దాకా వెళ్ళాను. అక్కడ అతను అడిగాడు.

"ఏటి బావా, ఇంటికాడ నా గురించి ఏటి సెప్పినావ్?"

నేను గేటు గడియ వేసి, మళ్ళీ తీశాను.

"ఒక్కరోజైనా నిన్ను కూకోబెట్టినానా నాను?"

"లేదు" అన్నాను.

"మరా పాప అలగంతన్నాదేటి? సావింట్లో కాదనకూడదని ఒప్పుకున్నాను. నువ్వెల్లి సెప్పు బావ. నానిక్కడే ఉంతాను."

లోపలికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను, ఇది మీరు నమ్మాలి. అమ్మాయి నా చేయి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు నాన్నా" అంటూ కంచం పెట్టింది. ఇంత బాధలోనూ తండ్రిని చూసుకుంటోంది అనుకున్నారు అక్కడున్నవాళ్ళు. నేను తిన్నాను. బయట గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉండగా కూర్చుని అన్నం తిన్నాను. చేయి కడుక్కుని వచ్చి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు అతను ఎప్పటిలాగే సైరన్‌కి ముందే వచ్చాడు. "చార్జి ఇయ్యండి సార్" అన్నాడు. రిటైరయ్యేదాకా మళ్ళీ బావా అనలేదు. ప్లాంటులో ఎవరికీ నా సంగతి చెప్పలేదని కూడా నాకు తెలుసు, ఎందుకంటే ఎవరూ నన్ను వేరుగా చూడలేదు. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడని, చూపు తగ్గిందని విన్నాను. పద్మనాభం బస్సు ఒకసారి ఎక్కాను. సగం దారిలో దిగిపోయాను.

ఇదంతా ఇలాగే నాతో పోయేదేమో. కానీ ఈ నెలలో మా అమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాదులో ఉంటుంది, పెళ్ళయింది, ఒక బాబు. అల్లుడిది కంప్యూటర్ ఉద్యోగం, షిఫ్టులుంటాయి. నవ్వుతూ చెప్పింది. "నాన్నా, ఈయన ఆఫీసులో కూడా ఒక అప్పలనాయుడు తగిలాడు. తర్వాతి షిఫ్టు వాడు రావడం లేదట. బాబు పుట్టినరోజుకి కూడా అంతే. పోనీలెండి, అమ్మ సర్దుకోలేదా? నేనూ సర్దుకుంటాను."

ఊఁ అన్నాను.

అల్లుడు మంచివాడు. నిజంగానే అతని ఆఫీసులో ఎవరో రావడం లేదేమో. నేనూ మంచివాణ్ణనే పేరు తెచ్చుకున్నాను కదా, అదీ భయం. నాకు తెలియని సంసారంలో అనుమానం పెట్టే హక్కు నాకు లేదు. కానీ నా కూతురు రెండో ప్రశ్న అడగదు. అడగకపోవడం ప్రేమ అని మా ఇంట్లోనే నేర్చుకుంది. అది నేర్పింది నేను. నేను నిజం చెబితే ఆమెకి తండ్రి మిగలడు, చెప్పకపోతే వాళ్ళమ్మలాగే గుమ్మంలో నిలబడుతుంది. ఆమె కోసమే చెప్పడం లేదా? లేక ఇది కూడా రిలీవర్ రాలేదన్న మాటేనా?

కింద రోడ్డు మీద కుర్రాళ్ళు అప్పుడే అరుపులు మొదలుపెట్టారు. నేను కేకు కొనలేదు. ఆ రోజు నుంచి ఎప్పుడూ కొనలేదు. రేపు పొద్దున్నే అమ్మాయి శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేస్తుంది. అల్లుడి సంగతి నాకు తెలియదు, నా సంగతి తెలుసు. అదొక్కటే చెప్పాలి. బయటికి వస్తుందో లేదో మీకు మాటివ్వలేను, నా మాటకి విలువెంతో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

కనీసం ఒక్కసారి, ఇక్కడయినా, ఉన్నదున్నట్టు రాయనివ్వండి.

అప్పలనాయుడు ఏ రోజూ ఆలస్యంగా రాలేదు. వచ్చేవాడు. నేనే ఇంటికి వెళ్ళలేదు.