సలోమి మేడమ్ రాసిన తప్పు

ఈ ఉదయం మా వార్డు ఆన్‌లైన్ మీటింగులో ఎవరో మైకు ఆపడం మరిచిపోయారు. పెద్ద డాక్టరు మాటల మధ్య ఎక్కడిదో బస్సు బ్రేకు కీచుమంది. జర్మనీలో కూర్చున్న నాకు ఒక్కసారిగా నందిగామ బస్టాండు వినబడింది. దాని వెనకే సలోమి మేడమ్ గొంతు.

మేడమ్ ఈ జర్మనీలోనే చాలాకాలం నర్సుగా చేసి, రిటైరై నందిగామ వచ్చేశారు. బస్టాండు ఎదురుగా మేడమీద కాపురం. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే కండక్టర్ల విజయవాడ కేకలు. ఆవిడ తెరిచే పాఠం చెప్పేవారు. పెనుగంచిప్రోలు, వత్సవాయి, జగ్గయ్యపేటల్లో ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఫోన్లలో జర్మన్ నేర్చుకునేవాళ్లం. అందరం నర్సింగ్ చదివినవాళ్లమే. ఇక్కడి ఆసుపత్రి ఇంటర్వ్యూ గట్టెక్కితే ఉద్యోగం. లేదంటే, నా మటుకు నాకు, అమ్మ వెంట మళ్లీ పత్తి తీతే.

పాఠానికి ఆవిడ ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచేవారు. అందులో అందరం ఒకేసారి రాయవచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు. ఎవరు రాస్తుంటే వాళ్ల పేరు చిన్న రంగు చీటీలా అక్షరాల పక్కన కదిలేది. చక్కటి ఏర్పాటే, మేం సాగనిస్తేగా! పక్కవాళ్ల వాక్యంలో వేలు పెడితే ఏమనుకుంటారోనని ఎవరి వరుస వాళ్లం రాసుకుని, చివర దండం బొమ్మ పెట్టి ఊరుకునేవాళ్లం. ఇక మేడమ్ రాసినదాన్ని ముట్టుకోవడమంటే చర్చిలో పాస్టరుగారి చేతిలో మైకు లాక్కున్నట్టే.

ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక ఒకరోజు ఆవిడ ఆ పేజీలో ఒక రోగి వివరాలు జర్మన్‌లో రాశారు. పెద్దాయన, పెన్సిలిన్ పడదు. దాని కిందే డాక్టరు ఆదేశం: పెన్సిలిన్ సూది వేయాలి. మార్చాల్సింది ఏమన్నా ఉంటే మార్చమన్నారు. మా పేర్లన్నీ ఆ వాక్యం చుట్టూ తచ్చాడాయి గాని ఒక్కటీ లోపలికి పోలేదు. ఒకరి తర్వాత ఒకరం దండం బొమ్మలు పెట్టేశాం. కింద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

"మార్తా, నువ్వు చూశావా?" అన్నారు చివరికి.

"చూశానండి."

"మరి దిద్దలేదేంటి?"

"మీరు రాశారు కదండీ."

తిట్టినా బాగుండేది. ఆవిడ మెల్లగా అన్నారు: "నన్ను గౌరవించావు, సరేనమ్మా. మరి ఆ పెద్దాయన సంగతేంటి?"

మేడమ్ రాసిన ఆ వాక్యం కొట్టేసి, డాక్టరును మళ్లీ అడగాలని రాశాను. నా జర్మన్‌లో తప్పుంటే వత్సవాయి అమ్మాయి వెంటనే దిద్దేసింది. ఇక అందరి పేర్లూ పొలోమని వచ్చి పడ్డాయి. ఆవిడ నవ్వు బస్సు హారన్‌లో కలిసిపోయింది. ఆరోజు నవ్వినంతగా ఆవిడ నవ్వడం నేను మళ్లీ వినలేదు.

నిరుడు మేడమ్ పోయారు. వెళ్లలేకపోయాను, ఆ బాధ పోదు. మా పేజీ ఇప్పటికీ తెరుచుకుంటుంది, ఆవిడ పేరు మాత్రం అక్షరాల పక్కన కదలదు.

ఈ ఉదయం ఆ బ్రేకు చప్పుడు చెవుల్లో ఉండగానే, పెద్ద డాక్టరు కిటికీ పక్క మంచం ముసలావిడకు ఒక మందు చెప్పి ఇంకో రోగి సంగతికి వెళ్లిపోతున్నారు. ఆవిడకు ఆ మందు పడదు. అందరూ తలలు ఊపుతున్నారు. నేను మైకు తెరిచాను. "ఒక్క నిమిషం అండీ" అని ముందు తెలుగే వచ్చేసింది. తర్వాత జర్మన్‌లో చెప్పాను.