బోనులో చెప్పిన లాస్ట్ రేటు

ఇరవై రెండేళ్లప్పుడు నాకు భయమంటే తెలియదనుకునేవాణ్ణి. బెజవాడ బట్టల కొట్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, రెండు వేల చీరకు మూడు వేలు చెప్పి, ఏడుపు మొహంతో రెండున్నరకి ఇచ్చి, కొన్నావిడ చేతే "పాపం అబ్బాయి" అనిపించుకునే ఘనుణ్ణి. ఆ ఘనతంతా ఒక్క పూటలో ఫ్యామిలీ కోర్టు బోనులో చెమటై కారిపోయింది.

సంగతేమిటంటే, పిన్ని మా బాబాయి మీద విడాకులకు వేసి శాశ్వత భరణం అడిగింది. నోటీసు అందిన నెలలోపే బాబాయి బెంజ్ సర్కిల్ దగ్గరున్న తన మంగళగిరి చీరల కొట్టును ఒక ట్రస్టు పేర రాసేసి, నన్ను ట్రస్టీని చేశాడు. "ఇకనించి కొట్టు నీదేరా, నేను ఉత్త జీతగాణ్ణి" అన్నాడు, గల్లాపెట్టె వెనక కుర్చీలోంచి లేవకుండానే. అది ఉత్తుత్తి ట్రస్టని పిన్ని తరఫు లాయరమ్మ సవాలు చేసింది. నిజమైనదేనని ప్రమాణం చేసి చెప్పాల్సింది నేను. ట్రస్టు నిలబడితే పిన్నికి దక్కేది జీతగాడి భరణం. నా మాట అబద్ధమని తేలితే నాకు జైలే! వారం రోజులు అన్నం సయించలేదు. వీధిలో ఏ బండి ఆగినా పోలీసు జీపే అనుకున్నాను.

బోనెక్కి ప్రమాణం చేశాను.

"వ్యవహారాలన్నీ మీరే చూస్తారాండీ?" అంది లాయరమ్మ మెత్తగా.

"నేనేనండీ."

"మరి మీ బాబాయిగారు?"

"కూర్చుంటారండీ."

పిన్ని ఒక చీర అందించింది. మా కొట్టుదే. లాయరమ్మ మడత విప్పి, "ఇదెంతండీ?" అంది.

"మూడు వేలండీ."

"ఎదురు కొట్లో ఇంకా తక్కువకే ఇస్తున్నారు. లాస్ట్ ఎంతో చెప్పండి, మీరేగా అన్నీ చూసేది!"

అంతే. నాలుక దానంతటదే "మీరు కాబట్టి..." అని మొదలెట్టింది. మెడ మాత్రం వెనక బెంచీలో ఉన్న బాబాయి వైపు తిరిగింది. ఆయనా పాతికేళ్ల అలవాటు కొద్దీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. (జోడు తీస్తే తగ్గించమని, చెవి గోక్కుంటే కుదరదని మా సైగ. చిన్నప్పుడు నాకది నేర్పింది పిన్నే.)

"రెండున్నరకి తీసుకోండమ్మా" అన్నాను.

జడ్జిగారు నన్నూ, బాబాయినీ మార్చి మార్చి చూసి, "ఏం బాబూ, మీ జీతగాడు ఒప్పుకున్నాడా?" అన్నారు.

"ఆయన్నడక్కుండా నేను రూపాయి కూడా తగ్గించలేనండీ" అనేశాను. ఆ ఏడుపు మొహం మాత్రం నటన కాదు.

జైలు లేదు, "దిగు బాబూ" అన్నారంతే. ట్రస్టు నిలబడలేదు. పిన్నికి కొట్టును బట్టే భరణం వచ్చింది. ఆ రోజు వరండాలో నా చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చి, "జోడు తీయగానే అంత దిగిపోకూడదని చెప్పానా లేదా?" అంది పిన్ని. బాబాయి నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు కొట్టు నిజంగానే నేను చూస్తున్నాను. బాబాయి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఎవరైనా "లాస్ట్ ఎంత?" అంటే నా మెడ ఇంకా ఆ ఖాళీ కుర్చీ వైపే తిరుగుతుంది. సైగ చేసేవాళ్లు లేక కాసేపు అలాగే ఉండిపోతాను. బేరం చెడిందనుకుని కంగారుపడి, కొనేవాళ్లే ఇంకో వంద పెంచుతారు.