తమ్ముడి వేలు, అవ్వ ముద్ద

ఈ రోజు పొద్దున టీకా వేయించడానికి బిడ్డను దవాఖానకు తీసుకుపోయాను. నర్సమ్మ దాని నోట్లోంచి రెండు వేళ్లు బయటికి లాగి, నానిపోయి తెల్లబడిన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "గిట్ల చీకనిస్తే పండ్లు ముందుకొస్తయమ్మా. పట్నంల కాలేజి సదువు సదివినవంట, గింత సోయి లేకపోతే ఎట్ల?" అన్నది. బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా బిడ్డను వదిలి నన్ను చూశారు. నర్సమ్మ చెయ్యి వదిలిందో లేదో, నా కూతురు ఆ రెండు వేళ్లనే, ఎడమచేతి నడిమి వేళ్లనే, మళ్లీ నోట్లో పెట్టుకుని కళ్లు అరమోడ్చింది. లోకంలో దానికి ఏ ఫికరూ లేదు. దాని ఫికరంతా నాకే వచ్చిపడింది.

ఎవరిని అడిగినా ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పరు. కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు శిశుపోషణ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చింది. అందులో ఒకచోట పిల్ల చేతికి గుడ్డసంచి తొడగమని ఉంది, ఇంకొకచోట బలవంతం చేస్తే పిల్ల మనసు చెదురుతుందని ఉంది. రెండూ రాసింది ఒకే డాక్టరు. పక్కింటి ఖాలా, "చీకనియ్ బేటీ, సబర్ ఉన్న పిల్ల. ఏడ్సుకుంట కూసుంటే మంచిగుంటదా?" అంటుంది. మా ఆయనను అడిగితే తాలూకా కచేరీ నుంచి వచ్చి అలసటగా తలపాగా తీస్తూ, "నా పండ్లు సక్కగ లేవా? నేను బడికి పోయేదాక చీకిన్నంట," అన్నాడు. మా అత్తగారేమో తన కొడుకు పుట్టినప్పటి నుంచి ఏనాడూ వేలు నోట్లో పెట్టలేదని ఒట్టు పెట్టుకుంటుంది. ఇప్పుడు బిడ్డా ఆయనా నిద్రపోయారు. దేశాల నడుమ లడాయి మొదలైనప్పటి నుంచి గ్యాసునూనె దొరకడమే కష్టంగా ఉంది కాబట్టి వత్తి తగ్గించుకుని రాస్తున్నాను. రాస్తే ఆలోచన ఒక దారికి వస్తుందని ఆశ. కానీ రాయడానికి కూర్చుంటే బిడ్డ వేళ్లకన్నా ముందు మా తమ్ముడి బొటనవేలు గుర్తుకొచ్చింది, దాని వెనకే అవ్వ.

మాది రామన్నపేట దగ్గర ఊరు. బాపు ఆముదాల వ్యాపారం చేసేవాడు. చుట్టుపక్కల చెలకల్లో పండిన ఆముదాలు కొని, బండికెత్తి, అంగళ్లకు తోలుకుపోయి అమ్మేవాడు. మా ఇంట్లో తలుపులకు, తలలకు, దీపాలకు, చివరికి మా పలకలకు కూడా ఆముదం వాసనే. బాపు వారంలో సగం రోజులు ఊళ్లో ఉండడు. అమ్మకు పొయ్యి దగ్గరా, గొడ్ల దగ్గరా పొద్దు గడిచిపోయేది. ఇక పిల్లలకు అన్నం పెట్టడం అవ్వ పని. అది పని కాదు, ఆమె హక్కు. బాపును కన్న తల్లి ఆమె. బాపుకూ, మేనత్తకూ, నాకూ, మా పెదనాన్న పిల్లలకూ, ఆ వాకిట్లో పాకిన ప్రతివాళ్లకూ మొదటి ముద్ద ఆమె చేతిదే. జొన్నరవ్వ ఉడికించిన గటకలో చల్ల పోసి మెత్తగా పిసికి, ముద్ద చేసి, బొటనవేలితో నడుమ చిన్న గుంట నొక్కి, అందులో పప్పో నెయ్యో వేసి నోట్లో పెట్టేది. అవ్వ చేతి ముద్ద నోటికి ఎంత సరిపోయేదంటే, పెట్టిన తర్వాత మాట్లాడడానికి జాగా ఉండేది కాదు. అందుకేనేమో మా ఇంట్లో భోజనాల వేళ అవ్వ మాటలు తప్ప ఎవరి మాటలూ వినిపించేవి కావు.

మా తమ్ముడు ముద్దకూ ముద్దకూ నడుమ కూడా కుడిచేతి బొటనవేలు చీకేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయి, వాడికి రెండు దాటాయి. వేలు చీకే పిల్లవాడున్న ఇంట్లో బర్కతు ఉండదని, రూపాయి నిలవదని అవ్వ భయం. వ్యాపారం చేసే ఇల్లు కదా. ముందు భయపెట్టింది. "చీకి చీకి ఏలు కరిగిపోతదిరా, రేపు అన్నం దేనితోని తింటవ్?" అంటే వాడు వేలు తీసి చూసుకుని, ఇంకా ఉందని తేలగానే మళ్లీ పెట్టుకునేవాడు. తర్వాత గుడ్డపీలిక చుట్టింది. వాడు పీలికతో సహా చీకాడు. వేపాకు నూరి రాసింది. రెండు రోజులు మొహం చిట్లించి, మూడో రోజు నుంచి వేపాకు రాయకపోతే ఏదో తక్కువైనట్టు వేలు పట్టుకుని అవ్వ దగ్గరికి తనే వచ్చేవాడు. అప్పుడే అమ్రాబాద్ దిక్కు ఊరి నుంచి మా మేనత్త వచ్చింది. చంటిపిల్లలకు పాలు మాన్పించడానికి తల్లులు రొమ్ముకు రాసుకునే ముసాంబరం గడ్డ ఒకటి తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. నల్లగా, పటికబెల్లం ముక్కలా మెరుస్తూ ఉండేది. దానికన్నా చేదు ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

అవ్వ ఆ గడ్డను తన పొగాకు తిత్తిలో వేసుకుంది. వేలు నోట్లోకి పోవడం కంటపడితే చాలు, తిత్తి విప్పి, గడ్డను నాలుక తడితో కాస్త మెత్తబరిచి, తన బొటనవేలితో రుద్ది వాడి బొటనవేలికి పూసేది. నాలుక మీద పెడుతుంది కదా, చేదు తెలియదా అని మీరు అడగవచ్చు. ఆమె దవడలో పొద్దస్తమానం పొగాకు ఉండేది. అందులో ముసాంబరం కలిసినా వేపపువ్వు కలిసినా ఒకటే. ఇప్పుడు ఈ మాట సులువుగా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

పూసిన మూడు నాలుగు రోజులకు తమ్ముడు అన్నం మానేశాడు. అన్నం కాదు, అవ్వ చేతి అన్నం. ఆమె ముద్ద పట్టుకుని వస్తే పెదవులు బిగించి మొహం తిప్పుకునేవాడు. బతిమాలి పెడితే ఉమ్మేసేవాడు. అమ్మ పెడితే తినేవాడు. ఎదురింటామె సరదాకు ఓ ముద్ద పెడితే అదీ తిన్నాడు. అవ్వ దిష్టి తీసింది, మిరపకాయలు ఘాటెక్కాయి, అందరం దగ్గాము, వాడు తినలేదు. కొండమీది దేవునికి మొక్కుకుంది. వాడు తినలేదు. మేనత్త మూడు పూటలు చూసి, నాలుగో పూట గుంజకు ఆనుకుని కూర్చుని తీర్పు చెప్పింది.

"తల్లి చేతిల తింటడు, ఎదురింటామె చేతిల తింటడు, నీ చేతికొచ్చేసరికి మూతి ముడుస్తడు. ఎవ్వలు సెప్పకుంటె గంత చిన్న పోరనికి గా తెలివేడికెల్లి వస్తదే అమ్మా?"

ఎవరు చెప్పారని ఆమె అనలేదు. పొయ్యి దగ్గరున్న అమ్మ వైపు చూసింది, అంతే. అమ్మ వేసిన రొట్టె పెంకు మీద మాడిపోయింది. తర్వాత దొడ్లోకి వచ్చి నాతో, పెద్దదాన్ని అన్నట్టు, "నేనేం జేసిన బిడ్డా? ఆకలైతాందని నా దగ్గరికొస్తే పెట్టకుండ కొట్టాల్నా?" అన్నది. ఆ రోజు నుంచి అవ్వ పిలిస్తే అమ్మ పలికేది గానీ ఒక్క మాటకు రెండో మాట ఉండేది కాదు. నాకు ఏం చేయాలో తెలిసేది కాదు. అవ్వ పక్కన పడుకుంటే అమ్మకు కోపమేమో, అమ్మ పక్కన పడుకుంటే అవ్వ లేచి పోతుందేమో అని రెండు చాపల నడుమ నేల మీద పడుకున్నాను. తమ్ముడు మాత్రం, ముసాంబరం ఉన్న కుడిచేతిని వదిలేసి, ఎడమచేతి వేలు కనిపెట్టుకున్నాడు.

చివరికి అవ్వ తన చీరెలు రెండూ, పొగాకూ, దువ్వెనా మూట కట్టుకుంది. కూతురితో పాటు అమ్రాబాద్ దిక్కు పోతానన్నది. "గీ ఇంట్ల నా చేతికి పని లేదు. ఆడ బిడ్డ పిల్లలకన్న పెడ్త," అన్నది. ఎవరి మీదా అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆమె వయసుకు ఆ కొండల దిక్కు బండి మీద పోతే మళ్లీ తిరిగి వచ్చే మాట ఉండదని తొమ్మిదేళ్ల నాకు కూడా తెలుసు.

బాపు అంగడి నుంచి వచ్చిన సాయంత్రం ఇంట్లో ఈ సంగతి మూడు గొంతుల్లో మూడు రకాలుగా విన్నాడు. కాళ్లు కడుక్కుని వచ్చి, తమ్ముడు తినకుండా వదిలేసిన గటక గిన్నె పక్కన పెట్టుకుని మూట మీద కూర్చున్న అవ్వ ముందు బాసింపట్లు వేశాడు.

"నాకు పెట్టమ్మా. ఆకలైతాంది."

"మీసాలొచ్చినోనికి నేను పెట్టాల్నా? నీ పెండ్లం నవ్వుతది."

"నవ్వనియ్. గీ ఇంట్ల ఒకరన్న నవ్వాలె గద."

అవ్వ ముద్ద చేసి, ఎప్పటిలా బొటనవేలితో గుంట నొక్కి, పెట్టింది. బాపు దవడ ఒకసారి కదిలి ఆగింది. ఆముదాల బస్తాలు ఒంటిచేత్తో లేపే మనిషి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆ నీళ్లు చూసి తల్లి పోతుందన్న దుఃఖమే అనుకున్నాను. మింగి, "మంచిగున్నది. ఇంకోటి పెట్టు," అన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. తర్వాత చెంబెడు నీళ్లు గటగటా తాగి, రెండో చెంబు కోసం దొడ్లోకి పోయాడు.

మర్నాడు శుక్రవారం. బండి ఇరుసు చూపించాలి, రేపు పోదురు అని చెప్పి, నహరణి తెచ్చుకుని అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. "గోర్లు జూడు, గద్ద గోర్ల లెక్క పెరిగినయ్. తొవ్వల పెరుక్కపోతయ్."

"శుక్రారం గోర్లు దీస్తరారా ఎవ్వలన్న?"

"పాపం నాకే తలుగుతది తియ్. కూసో."

ఒక్కొక్క గోరూ మొదలంటా తీశాడు. చింతపండూ బూడిదా కలిపి, ఇత్తడి చెంబు తోమినట్టు ఆమె వేళ్లు తోమి, నీళ్లు పోశాడు. మేనత్త గుంజ దగ్గరి నుంచి, "అన్నకేమో సోకింది," అన్నది. పుట్టి బుద్ధెరిగాక పొగాకు ముట్టని బాపు అవ్వతో, "జర పొగాకియ్యే," అని తిత్తి తీసుకుని దొడ్లోకి పోయి, కాసేపటికి తిరిగి తెచ్చి ఇచ్చాడు. పగటి అన్నానికి తమ్ముణ్ణి ఎత్తుకొచ్చి అవ్వ ఒళ్లో కుదేశాడు. ఆమె వద్దన్నది. బలవంతాన కలిపింది. మొదటి ముద్ద బాపు తినేశాడు. రెండోది తమ్ముడి నోటి దగ్గరికి వచ్చింది, వాడు పెదవులు బిగించాడు. అవ్వ చెయ్యి గాలిలో అలాగే ఉంది. వాడు బాపు నములుతున్న నోటిని చూశాడు, ముద్దను చూశాడు, నాలుక కొస బయటపెట్టి గటకను తాకాడు. ఇంకోసారి తాకాడు. ఆ తర్వాత నోరు తెరిచాడు.

"మెల్లగరా, పొలమారుతది," అన్నది అవ్వ. మూడో ముద్దకు గుంట నొక్కింది. మర్నాడు మేనత్త ఒక్కతే బండెక్కింది.

ముసాంబరం గడ్డ ఏమైందని అవ్వ తర్వాత తిత్తంతా వెతికింది. ఎలుక ఎత్తుకుపోయి ఉంటుందన్నాడు బాపు. ఆమె అతన్ని చాలాసేపు చూసి, "ముసాంబరం దినే ఎలుక నా ఇంట్లనే పుట్టిందిరా," అన్నది. మళ్లీ గడ్డ కొనలేదు. మొక్కు ఫలించిందని మాత్రం వాడకట్టంతా చెప్పింది. కానీ అప్పటి నుంచి పోయేదాకా, ముద్ద కలిపే ముందు చేతులు తోముకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేది. అంటే ఆమెకు తెలిసిందా? అవ్వ వేలి ముసాంబరమే ముద్దకు అంటిందని, పురిటికి పుట్టింటికి పోయినప్పుడు బాపు నాకు చెప్పాడు, ముద్ద ఎంత చేదో మొహం పెట్టి చూపిస్తూ. నేను అదే అడిగాను. "తెల్వదు బిడ్డా. అడిగితె తెలిసిపోతది గద. గందుకే అడగలె," అన్నాడు. అమ్మకు ఆ రాత్రే చెప్పాడట. మేనత్త ఇప్పటికీ అమ్మే పిల్లవాడికి నూరిపోసిందని నమ్ముతుంది. ఆ మాట ఎందుకు పడ్డావని అమ్మను అడిగితే, "ఆమె ముద్ద ఆమెకు దక్కింది. నాకేం తక్కువైంది?" అని విసనకర్ర అందుకుంది. అది మంచితనమో, అలసటో నాకు తేలలేదు. నేనైతే పడి ఉండేదాన్ని కాదేమో. పడి ఉండాలా? అదీ తెలియదు.

ఇందులో నా బిడ్డ వేళ్లకు పనికొచ్చే సంగతి ఏముందో ఇంత రాసినా చిక్కలేదు. తమ్ముడి పైపళ్లు కొంచెం ఎత్తు. నర్సమ్మ లెక్కన అది వేలు చీకినందుకే, మా తాత పళ్లూ అంతేనని అమ్మ అంటుంది. తాత ఏ వేలు చీకాడో చెప్పేవాళ్లు లేరు. సరే, వాడు ఆ అలవాటు ఎప్పుడు మానాడని మొన్న పుట్టింటికి పోయినప్పుడు అందరినీ అడిగాను. అమ్మవారు పోసినప్పుడు అన్నది అమ్మ. బడిలో వేసినప్పుడు అన్నాడు బాపు. నాకేమో ఆ తర్వాత కూడా చీకినట్టు గుర్తు. తమ్ముడు మీసం దువ్వుకుంటూ, తను అసలు ఎన్నడూ చీకలేదన్నాడు. ఆ వేలి కోసం ఒక ఇల్లు రెండుగా చీలబోయింది, అవ్వ మూట కట్టుకుంది, బాపు గిన్నెడు చేదు మింగాడు. అది నోట్లోకి పోవడం ఆగిన రోజు మాత్రం మాలో ఒక్కరం కూడా చూడలేదు. ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే పొద్దుపొడిచి, పొద్దుగూకి, మాకు చెప్పకుండా వెళ్లిపోయి ఉంటుంది.